దొమితీలా గోడలో ఎలుక

సాన్ ఒనోఫ్రేలో దొమితీలా నోటికి జంకనివాళ్ళు ఇద్దరే. ఒకడు చర్చి గంటలు కొట్టీ కొట్టీ చెవుడొచ్చిన ముసలాయన. రెండోది పక్కింటి తిబూర్సియా. ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న తమాలెల బుట్ట నెత్తిన పెట్టుకుని దొమితీలా సంతకు బయల్దేరిందంటే వీధిలో కుక్కలు కూడా పక్కకు తప్పుకునేవి. ఆ నోటితోనే ఆమె ఒకప్పుడు ఒక చర్చి గురువును సైనికుల తుపాకుల నుంచి కాపాడుకొచ్చింది. ఆ నోరు చేసిన నిర్వాకం వల్లే ముప్పయ్యేళ్ళ తరువాత చర్చి ఆయన్ని పునీతుడిగా ప్రకటించకుండా ఆగిపోయే పరిస్థితి వచ్చింది.

ప్రభుత్వానికీ చర్చికీ చెడి, దొరికిన గురువునల్లా కాల్చేస్తున్న రోజులవి. చర్చి తలుపులకు తాళాలు పడ్డాయి. మగవాళ్ళు కొందరు తుపాకులు తీసుకుని కొండలెక్కారు. అప్పుడే కింది మైదానంలోని ఒక చర్చి నుంచి అనక్లేతో స్వామి తప్పించుకుని ఈ ఊరు చేరాడు. ఆయన మొహం ఇక్కడెవరికీ తెలియదు. అలాగే దొమితీలా చరిత్ర కూడా ఎవరికీ తెలియదు. మొగుడు పోయి, పల్లె వదిలి, తోళ్ళు పదునుచేసేవాళ్ళ వీధిలో కొత్తగా అద్దెకు దిగింది. జపమాల సంఘం ఆడవాళ్ళు ఇద్దర్నీ మొగుడూ పెళ్ళాల లెక్కలో కలిపేశారు.

“మొగుడని చెప్పమన్నారు, చెప్తాను,” అంది దొమితీలా. “కానీ చెప్పాక మొగుణ్ణి చూసినట్టే చూస్తాను. బజార్లో దణ్ణాలు పెట్టడం, చేతులు ముద్దుపెట్టుకోవడం నా వల్ల కాదు.”

“నీ మొగుణ్ణి ఎలా చూసేదానివమ్మా?” అనడిగాడు స్వామి అమాయకంగా.

“పోయాడుగా పాపం. దాన్నిబట్టి మీరే ఊహించుకోండి.”

ఆయనకు గిన్నెలకు మాట్లు వేసే పని అంటగట్టారు. ఇల్లిల్లూ తిరగడానికి అంతకన్నా మంచి వేషం లేదు. సంచిలో పైన సుత్తి, తగరం ముక్కలు; అడుగున గుడ్డలో చుట్టిన సత్ప్రసాదపు అప్పం. రహస్యం తెలిసిన ఇళ్ళల్లో గిన్నె ముందు పెట్టుకుని, వాళ్ళు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం వినేవాడు. వచ్చిన చిక్కల్లా ఆయన మాటు వేసిన ఏ గిన్నే నీళ్ళు ఆపకపోవడం. తెలిసినవాళ్ళు కారే గిన్నెను కళ్ళకద్దుకుని లోపల పెట్టుకునేవాళ్ళు. తెలియనివాళ్ళు మాత్రం తగవుకొచ్చేవాళ్ళు. వాళ్ళు నోరు తెరిచేలోపే దొమితీలా వీధిలోకి వచ్చేసేది.

“చూశారా అమ్మా నా రాత! ఒక చిల్లి పూడ్చమంటే రెండు చేసుకొచ్చాడు. ఏమయ్యా దద్దమ్మా, ఆ సుత్తి నీ నెత్తిన కొట్టుకుంటే సరిగ్గా తగిలేది కదయ్యా!”

స్వామి తల వంచుకుని ఇంట్లోకి వెళ్ళిపోయేవాడు. గడపలో కూర్చుని మొక్కజొన్న గింజలు ఒలుస్తున్న తిబూర్సియా అందుకునేది.

“పోనీలే వదినా, మెత్తనివాడు దొరికాడు. మా ఆయనైతే ఈపాటికి కొండలెక్కి ఉండేవాడు.”

“నీ దెబ్బకే కదా వదినా, మీ ఆయన తిన్నగా స్వర్గానికే ఎక్కేశాడు!”

తిబూర్సియాకు ఒక విషయం తెలిస్తే అది సాయంత్రానికల్లా ఊరు దాటేది. అందుకే దొమితీలా గోడలకు వినపడేలా తిట్టేది. తిట్టిన కొద్దీ ఊరు నమ్మింది. తెల్లారగట్ల మాత్రం అదే ఇంట్లో, తలుపులు బిగించుకుని, అదే మనిషి ముందు మోకరిల్లేది.

“స్వామీ, నిన్న మిమ్మల్ని దద్దమ్మ అన్నాను.”

“విన్నాను.”

“సన్నాసి అని కూడా అన్నాను.”

“అది వీధి వినాలని అన్నావు, పాపం కాదులే. కానీ దద్దమ్మ అన్నప్పుడు నీ మొహంలో ఆనందం కాస్త ఎక్కువైంది. దానికి మరియమ్మకు మూడు మంగళవార్త జపాలు చెప్పుకో.”

ఆ తరువాత చర్చిలో చెప్పాల్సిన పూజ ఆ ఇంట్లోనే చెప్పేవాడు. రాత్రయితే ఆయన నిచ్చెనెక్కి మొక్కజొన్న అటక మీదికి వెళ్ళి, నిచ్చెన కూడా పైకి లాక్కునేవాడు. ఆయన పడక అక్కడే, పొత్తుల మధ్య.

పూజకు బల్లను మొదట్లో ఎక్కడ వీలైతే అక్కడ వేసేవాళ్ళు. కొన్నాళ్ళకు తిబూర్సియా ఇంటి వైపు గోడకు ఆనించి వెయ్యమన్నాడు స్వామి. ఆ మట్టిగోడలో, ఎండుమిరప దండ వెనకాల, ఒక ఎలుక కన్నం ఉండేది. దొమితీలా మట్టి కూరితే వారం తిరక్కుండా మళ్ళీ తెరుచుకునేది. మట్టిలో గాజుపెంకులు కలిపి కూరింది. అయినా తెరుచుకుంది. ఒళ్ళు మండి కాగితం గొట్టంలో కారప్పొడి పోసుకుని వచ్చింది.

“ఉండనీ దొమితీలా,” అన్నాడు స్వామి. “ఎలుక మాత్రం దేవుడి బిడ్డ కాదా?”

“దేవుడి బిడ్డయితే పోయి దేవుడి ఇంట్లోనే తవ్వుకోమనండి.”

“దేవుడి ఇంటికి తాళం వేశారుగా.”

ఆయన అటు తిరగ్గానే ఊదేసింది. ఆ వారమంతా తిబూర్సియా ఒక కంటి మీద తడిగుడ్డ పెట్టుకుని తిరిగింది. చలిగాలి కొట్టిందని చెప్పింది. “పక్కవాళ్ళ ఇళ్ళల్లోకి చూసీ చూసీ అరిగిపోయుంటుందిలే వదినా,” అని దొమితీలా వీధంతా నవ్వేలా ఓదార్చింది.

ఇంకో విషయం కూడా దొమితీలాను చికాకుపెట్టేది. పూజలో సత్ప్రసాదం తలకన్నా పైకెత్తి చూపాల్సిన చోట స్వామి చేతులు రొమ్ము దాటి లేచేవి కావు. భుజం పట్టిందనుకుని పందికొవ్వులో మూలికలు కాచి మందు చేసిచ్చింది. ఆయన మారు మాట్లాడకుండా రాసుకునేవాడు. చేతులు మాత్రం ఎప్పటిలాగే కిందనే ఉండేవి.

ఒక సంతరోజు పొద్దున సైనికులు వీధి రెండు కొసలూ మూసేశారు. ఈ వీధిలో ఒక గురువు ఉన్నాడని ఎవరో ఉప్పందించారు. ఇల్లిల్లూ సోదా చేస్తూ దొమితీలా గుమ్మం దాకా వచ్చేసరికి ఆమె కారుతున్న గిన్నె ఒకటి పట్టుకుని స్వామిని ఏడు తరాలతో కలిపి ఉతికి ఆరేస్తోంది. కెప్టెన్ నిలబడి కాసేపు విన్నాడు. ఆ తరువాత టోపీ తీశాడు.

“ఇది భరించేవాడు గురువు కాడు,” అన్నాడు సైనికులతో. “పదండి.”

గండం గడిచిందనుకుంది దొమితీలా. అంతలో ఎదురింట్లోంచి మంగలి నబోర్‌ని ఈడ్చుకొచ్చారు. నబోర్‌కు నడినెత్తిన గుండ్రంగా బట్టతల. అది గురువులు గొరిగించుకునే గుండ్రమేనని ఒక సైనికుడు తేల్చేశాడు. నబోర్ ఏడుస్తూ, ఇది మా నాన్నకీ ఉండేదని ఒట్లు పెడుతున్నాడు. ఎవరూ వినడం లేదు.

స్వామి సుత్తి కింద పెట్టాడు.

“అయ్యా, అతను మంగలే. గురువును నేను.”

కెప్టెన్ పగలబడి నవ్వాడు. “ఈవిణ్ణి వదిలించుకోడానికి చావడానిక్కూడా సిద్ధమేనా?”

“నమ్మకండి బాబూ!” దొమితీలా ఆయన చొక్కా పట్టుకుని గుంజింది. “తాగాడు! పిచ్చి! మా అత్త వైపు అందరికీ ఉంది! ఏమయ్యా, నోరు ముయ్యి, నీకు దణ్ణం పెడతా నోరు ముయ్యి!” అన్నేళ్ళలో ఆమె అబద్ధం చెబుతూ ఏడవడం అదే మొదలు.

స్వామి ఆమె వేళ్ళను నెమ్మదిగా విడిపించుకున్నాడు. నబోర్ వైపు తిరిగి, కుడిచెయ్యి తలకన్నా ఎత్తుకు లేపి, లాటిన్‌లో పాపపరిహార జపం చెప్పి, సిలువ గుర్తు వేశాడు. గిన్నెలకు మాట్లు వేయడం రానివాడికి ఇది మాత్రం తడుముకోకుండా వచ్చింది. కెప్టెన్ నవ్వు ఆగిపోయింది. ‘ఇన్నాళ్ళూ లేవని చెయ్యి ఇవాళే లేవాలా,’ అని ఆ దుఃఖంలో కూడా దొమితీలాకు ఒళ్ళు మండింది.

వెళుతూ ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగాడు. “ఇవాళ్టి తిట్లకు ప్రాయశ్చిత్తం ఏమీ అక్కర్లేదమ్మా.”

శ్మశానం గోడ దగ్గర కాల్చేశారు. శవాన్ని పెళ్ళానికి తప్ప ఎవరికీ ఇచ్చేది లేదన్నారు. “నేనే పెళ్ళాన్ని,” అంది దొమితీలా అందరి ముందూ. తీసుకొచ్చి పాతిపెట్టింది. ఇంటికొచ్చి గోడలో కన్నం పూడ్చింది. ఈసారి ఎలుక మళ్ళీ తవ్వలేదు. చచ్చుంటుందిలే అనుకుంది. ఉప్పందించిన నోరు ఎవరిదో ఆమెకు సందేహమే లేదు. ఆ వీధిలో అంత నోరు తిబూర్సియాది తప్ప ఇంకెవరిది? ఆ రోజు నుంచి ఆమెతో మాట మానేసింది.

కాలం మారింది, చర్చి తలుపులు తెరుచుకున్నాయి. దొమితీలా నిజం చెప్పింది. “అలాగే అలాగే,” అంటూ జనం కన్నుకొట్టుకున్నారు. ఆయన గురువేనని ఒప్పుకున్నారు, ఆమె పెళ్ళాం కాదంటే మాత్రం ఒప్పుకోలేదు. అన్ని తిట్లు, ఆ చనువు, కాపురం చేయకుండా ఎక్కడి నుంచి వస్తాయి? వీధి పిల్లలు కూడా ఆమెను ‘స్వామిగారి పెళ్ళాం’ అనే పిలిచేవాళ్ళు. తన మాట ఎలా ఉన్నా, ఆయన పేరుకు ఆ మసి అంటిందని దొమితీలా కుమిలిపోయేది.

అందుకే ముప్పయ్యేళ్ళ తరువాత, ఆయన్ని వేదసాక్షిగా, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన పునీతుడిగా, ప్రకటించాలా వద్దా అని తేల్చడానికి బిషప్పుగారు ఒక పెద్దస్వామిని పంపారని తెలిసి, ఉన్న ఒక్క మంచి శాలువా కప్పుకుని వెళ్ళింది. అప్పటికే నబోర్ సాక్ష్యం అయిపోయింది. స్వామి తన బదులు చచ్చాడని ఏడ్చాడు కానీ, “ఇంట్లో సంగతులు నాకేం తెలుసండీ, వాళ్ళ తిట్లు వింటే మొగుడూ పెళ్ళాల్లాగే ఉండేవి,” అనేశాడు.

“ఆయన ఎక్కడ పడుకునేవాడు?” అని అడిగాడు పెద్దస్వామి.

“అటక మీద. నిచ్చెన పైకి లాక్కుని.”

“చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?”

“ఎవరు చూస్తారు స్వామీ? దాచాను కదా! ఎవరైనా చూస్తే దాన్ని దాచడం అంటారా?”

“సాక్షి లేకపోతే ఈ విచారణ ఇక్కడితో ఆపాల్సి వస్తుందమ్మా,” అన్నాడాయన, పాపం మర్యాదగానే. “ఇంకొకరున్నారు. పొరుగావిడ.”

పొరుగావిడంటే ఇక అయిపోయినట్టేననుకుంది దొమితీలా. బయటికొచ్చి, తిబూర్సియా లోపలికి వెళ్ళగానే, సిగ్గు విడిచి తలుపు సందుకు కన్ను ఆనించింది.

“అటక మీదే పడుకునేవారు,” అంటోంది తిబూర్సియా. “నిచ్చెన కూడా లాగేసుకునేవారు. ఒక్క రాత్రి కూడా కిందికి దిగలేదు.”

“మీకెలా తెలుసు?”

తిబూర్సియా శాలువా అంచు మెలిపెట్టింది. “చూశాను. కన్నంలోంచి.”

“గోడకు కన్నం పెట్టారా?”

“చెంచాతో తవ్వాను. మొదట్లో చాడీ కోసమే స్వామీ, అబద్ధమెందుకు! మొగుణ్ణి అంతలా తిట్టేది లోపల ఏం చేస్తుందో చూద్దామని. చూస్తే మోకరిల్లి ఉంది. అప్పట్నుంచి పూజ కోసం తవ్వాను. ఈవిడ పూడ్చడం, నేను తవ్వడం. ఒకసారి కంట్లో కారం కొట్టింది కూడాను.”

“మరి ఎవరికీ చెప్పలేదా?”

“చెబితే పూజ ఆగిపోదూ? కడుపుబ్బి చచ్చాను స్వామీ, కానీ చెప్పలేదు.”

దొమితీలా ఇక ఆగలేకపోయింది. తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది. “మరి ఉప్పందించిందెవరే?”

“నాకేం తెలుసే? నేనే చెప్పుంటే నబోర్‌ని ఎందుకు పట్టుకుంటారు? నేను చెబితే సరిగ్గా చెప్తాను!”

పెద్దస్వామి నవ్వు దాచుకోడానికి రుమాలు తీశాడు.

“ముప్పయ్యేళ్ళు!” అంది దొమితీలా. “ముప్పయ్యేళ్ళు ఆయన పేరు మీద బురద జల్లుతుంటే నోరు మూసుకుని కూర్చున్నావా?”

“నువ్వు మాట మానేశావు. వాళ్ళకు చెప్పాలంటే కన్నం సంగతి ఒప్పుకోవాలి. నువ్వు వీధిలో నిలబెట్టి నవ్వుతావని భయమేసింది వదినా. తప్పే. పెద్ద తప్పు.” తిబూర్సియా కళ్ళు తుడుచుకుంది. “ఆయనకు మాత్రం తెలుసు. సత్ప్రసాదం ఎత్తేటప్పుడు నాకు కనపడాలని కన్నం దాకానే ఎత్తేవారు. ఇటువైపు మోకరించి, అందదని తెలిసి కూడా నోరు తెరిచేదాన్ని.”

దొమితీలాకు ఆ లేవని చేతులు గుర్తొచ్చాయి. భుజం నొప్పి లేని మనిషి, తనిచ్చిన పందికొవ్వు రోజూ నోరెత్తకుండా రాసుకున్నాడు.

పెద్దస్వామి ఇద్దరి చేతా సంతకాల బదులు వేలిముద్రలు వేయించుకుని, ఇక అడ్డం ఏమీ లేదన్నాడు.

ఇంటికొచ్చాక దొమితీలా వంటింట్లోంచి చెంచా తీసుకుని, మిరప దండ పక్కకు జరిపి, గోడను గీకడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే గీకింది. గట్టిగా పూడ్చినందుకు తనను తానే తిట్టుకుంది. చివరి మట్టిపెళ్ళ అవతలికి రాలింది.

“కారం ఊదవు కదా వదినా?” అంది అవతలి నుంచి తిబూర్సియా.

“నోరు ముయ్యి,” అంది దొమితీలా, జపమాల తీసి గోడ పక్కన మోకరిల్లుతూ. “నోరు మూసుకుని మోకరించు. మొదటి మంగళవార్త నువ్వే చెప్పు.”