పెన్‌ఫోల్డ్ గారి ఉల్లితీగ

ఆంబ్రోస్ పెన్‌ఫోల్డ్ వ్యాసం రాస్తే అందులో ఒక పచ్చి తప్పు ఉండి తీరవలసిందే. వాక్యం మాత్రం వెన్నలా జారేది. ఆ వెన్నలో పడి చదివేవాడు థేమ్స్ నది స్కాట్లండ్‌లో పుట్టిందన్నా ఒప్పుకొనేవాడు. ఆయన వ్యాసం లేనిదే లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లోని ఆ వారపత్రిక అమ్ముడుపోదు. లెన్ టప్పర్ చూడనిదే ఆ వ్యాసం అచ్చుకు పోదు.

వ్యాసాల్లో చెప్పినవి నిజాలో కావో సరిచూడడం టప్పర్ ఉద్యోగం. పదమూడేళ్లకే బడి మాన్పిస్తే, కొవ్వొత్తుల కొట్లో పనిచేస్తూ ఊరి గ్రంథాలయాన్ని బీరువా తరువాత బీరువా నమిలేసినవాడు. అంత చదివినా ముప్పైయేళ్లకు దక్కింది నేలమాళిగలో ఒక కుర్చీ, ఒక ఎర్ర పెన్సిలు. అతని ముఖం మూత తీసిన వెనిగర్ సీసాలా ఉంటుందని టైపిస్టులు చెప్పుకొనేవారు. పెన్‌ఫోల్డ్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడన్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆ సీసా ఇంకొంచెం పులిసేది.

"సార్, గబ్బిలం గుడ్లు పెట్టదు."

"పెట్టదా? ఎప్పటినుంచి?"

"మొదటినుంచీ. పిల్లల్ని కంటుంది."

"నాకెవరూ చెప్పలేదు చూశావా. దిద్దు నాయనా. ఎర్ర పెన్సిలుతో, కాస్త లావుగా."

ఇది ఆయన రెండో పిచ్చి. పోనీలే పెద్దమనిషి అని టప్పర్ అంచున సన్నగా గీస్తే ఊరుకొనేవాడు కాదు. "అదేం గీతయ్యా, దోమ కుట్టినట్టు? పైన మేనేజర్ కళ్లకు ఆనాలి." తన అజ్ఞానాన్ని ఇలా ఊరేగించుకొనే మనిషిని టప్పర్ ఎక్కడా చూడలేదు. చదువు తేరగా దొరికినవాళ్లకు సిగ్గు కూడా అక్కర్లేదు కాబోలు అనుకొని పళ్లు నూరేవాడు.

ఆ ఆగస్టులో హార్‌గ్రీవ్ అనే కొత్త మేనేజర్ వచ్చాడు. మెట్ల మీద ఆయన గొంతు టప్పర్ చెవిన పడింది. "రాసేవాళ్లంతా చదువుకున్నవాళ్లే. మళ్లీ వాళ్లను సరిచూడడానికి ఒకడా? శుక్రవారం ఆ కుర్చీ సంగతి తేల్చేద్దాం."

ఆ వారం వ్యాసం పెరటి కూరగాయల మీద. 'ద్రాక్షగుత్తుల్లా తీగకు వేలాడే ఉల్లిపాయలను చూసి ఎవరి మనసు కరగదు?' అని ఉంది. టప్పర్ పెన్సిలు ఎత్తాడు. మళ్లీ దించేశాడు. ఎలాగూ పోతున్నాడు తను. దేశమంతా పగలబడి నవ్వనీ.

అచ్చుకు ముందు ప్రూఫు మీద రచయిత సంతకం ఉండాలి. పెన్‌ఫోల్డేమో కాలి బొటనవేలు వాచి ఇంట్లో పడి ఉన్నాడు. గురువారం మధ్యాహ్నం టప్పర్ బస్సెక్కి నగర శివార్లలో ఆయన ఉండే డల్విచ్ వెళ్లాడు.

ముసలాయన పెరట్లో కాలు స్టూలు మీద పెట్టుకొని కూర్చున్నాడు. చుట్టూ వరసలు తీరిన ఉల్లిమడులు. మట్టిలోంచి సగం పైకి తేలిన గడ్డలు, ఒక్కొక్కటి పసిబిడ్డ తలంత. షెడ్డు తలుపుకు ఆరు కార్డులు మేకులతో కొట్టి ఉన్నాయి: ఉల్లిగడ్డల పోటీ, ప్రథమ బహుమతి, ఏ. పెన్‌ఫోల్డ్.

టప్పర్ ఆ కార్డులు రెండుసార్లు చదివాడు. ఈలోగా పెన్‌ఫోల్డ్ ప్రూఫు చదివి పాలిపోయాడు.

"టప్పర్, ఉల్లి తీగకు కాస్తుందా?"

"మీరే రాశారు కద సార్."

"నేను రాస్తానయ్యా. నువ్వు దిద్దాలి. రేపు హార్‌గ్రీవ్ ప్రూఫులన్నీ పరుచుకొని చూస్తాడు. నీ పెన్సిలు కనబడకపోతే నీ కుర్చీ ఉంటుందా?"

టప్పర్ ఇంకోసారి షెడ్డు తలుపు వైపు చూశాడు. "మరి ఆ గబ్బిలం?"

"మా అటక మీద నలభై ఉన్నాయి. పురుళ్లన్నీ నా కళ్లముందే. పాత మేనేజర్ కూడా నిన్ను తీసేస్తానన్నాడు. అదిగో, అప్పటినుంచే అవి గుడ్లు పెట్టడం మొదలెట్టాయి."

టప్పర్ జేబులోంచి పెన్సిలు తీశాడు. ఉల్లితీగను అడ్డంగా, లావుగా కొట్టేశాడు.

"ఇంకో రెండు తప్పులు ఇరికించనా?" అన్నాడు పెన్‌ఫోల్డ్ ఆశగా.

"వద్దు సార్. మరీ ఎక్కువైతే మీ కుర్చీకి ఎసరొస్తుంది."

శుక్రవారం హార్‌గ్రీవ్ ఆ ప్రూఫును వెలుతురులో పెట్టి చూశాడు. "ఉల్లి తీగకా?" అని నుదురు రుద్దుకొన్నాడు. "టప్పర్, నువ్వు ఎక్కడికీ కదలకు. ఈ మనిషిని ఒక్కడినీ వదిలితే మన కొంప ముంచుతాడు." టప్పర్ ఎర్ర పెన్సిలు చెక్కుకోవడానికి నేలమాళిగకు దిగిపోయాడు.

మరుసటి వారం వ్యాసం వచ్చింది. తిమింగలం చేపజాతిదని ఉంది. టప్పర్ దాన్ని పండుగలా దిద్దాడు. అడుగున ఇంకో వాక్యం కనబడింది: 'మా పత్రిక నేలమాళిగలో ఒక మిత్రుడున్నాడు. ఎప్పుడు చూసినా నవ్వుముఖమే.'

అంత పచ్చి తప్పు పెన్‌ఫోల్డ్ అంతవరకు రాయలేదు. టప్పర్ పెన్సిలు దాని మీద చాలాసేపు ఆడింది. చివరికి దాన్ని అలాగే అచ్చుకు పంపాడు. ఆ సమయంలో అతని ముఖం చూసిన టైపిస్టు మాత్రం, ఆ వాక్యంలో దిద్దడానికేమీ లేదన్నది.