దారానికి రెండో కొస

బోర్డుల మాస్టారికి ఒంటినిండా పొగరే. నలభై ఏళ్ళు బోర్డులు రాశాడు గానీ, ఏనాడూ దారం కొట్టి గీతలు వేసుకున్న పాపాన పోలేదు. సుద్ద పూసిన దారం బిగబట్టి, గీత కొట్టుకుని, ఆ తర్వాతే కుంచె ముట్టే బావమరిదిని చూస్తే మహా చులకన. ఒకసారి పని ఇచ్చినవాళ్ళ ముందే అనేశాడు, "దారం పట్టుకుని వేలాడేవాడు కూడా పెయింటరేనా?" అని. ఆ మాటతో బావమరిది కుంచెలు సర్దుకుని వెళ్ళిపోయి వేరే పని చూసుకున్నాడు. నాలుగేళ్ళ కిందట మాస్టారి భార్య పోయిన రోజు వచ్చాడు. అక్కను కళ్ళారా చూసుకుని, ఈయనతో ముక్కైనా మాట్లాడకుండా వెళ్ళాడు.

ఇప్పుడు చూడండి, ఆ పొగరు ఏమైందో! బడివాళ్ళు బోర్డు రాయమన్నారు. రెండుసార్లు రాశాడు. రెండుసార్లూ మొదటి అక్షరం జానెడు, చివరిది బెత్తెడు. రాస్తున్నంతసేపూ అన్నీ ఒక్కలాగే ఉన్నాయనుకున్నాడు. నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంటే గానీ తేడా తెలియలేదు. కుంచెను విరిగేలా పిసికేస్తున్నాడు, లేదంటే తెలియకుండానే జారవిడుస్తున్నాడు. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకునేసరికి టీ చల్లారిపోతోంది.

డాక్టరు నరాల జబ్బని తేల్చాడు. తగ్గేది కాదట, మెల్లగా పెరిగేదేనట. తెల్లకాగితం మీద పేరు రాయమంటే చీమల బారులా రాశాడు. గీతల కాగితం ఇస్తే అక్షరాలు బుద్ధిగా పెద్దవయ్యాయి. చెయ్యి మరిచిపోయిన కొలతను కన్ను గుర్తుచేస్తుందని చెప్పాడు డాక్టరు. సోమవారంలోగా బోర్డు ఇవ్వకపోతే ప్రింటు కొట్టించుకుంటామని బడివాళ్ళు ముందే అన్నారు. చేతిలో ఉన్నది ఆ ఒక్క పనే. అదీ పోతే పొద్దున్నే లేవడం దేనికో మాస్టారికే తెలియదు.

సిగ్గు చంపుకుని దారం కొన్నాడు. సుద్ద పూశాడు. తీరా చూస్తే రెండో కొస పట్టుకోవడానికి మనిషేడీ? ఆరడుగుల రేకు. ఇటుక పెట్టాడు, కాలితో తొక్కిపట్టాడు. ఊహూ, నిలవలేదు. ఇంట్లో రెండో మనిషి లేదని తెలియక కాదు గానీ, ఆ పూట మాత్రం దుఃఖం ఆగలేదు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని బావమరిదికి ఫోను చేశాడు.

వచ్చాడు. చెప్పులు విడిచి ఆ కొస పట్టుకున్నాడు. మాస్టారు ఈ కొస బిగించాడు. దారాన్ని ఇంకా ఎవరూ మీటనే లేదు, సుద్దపొడి రాలడం మొదలైంది. ఏడాదిగా చెయ్యి జేబులో పెట్టి దాచుకుంటూ వచ్చిన వణుకు దారం వెంట అవతలి వేళ్ళదాకా పోయింది.

బావమరిది తలెత్తాడు.

"ఎన్నాళ్ళ నుంచి, బావా?"

చలి అనో, వయసు అనో బొంకుదామనుకున్నాడు. కానీ నిజమే చెప్పాడు.

"ఏడాది దాటింది. ఎవరికీ చెప్పలేదు."

చెప్పడానికి మాత్రం ఎవరున్నారు గనక!

బావమరిది తన కొసను రేకుకు నొక్కిపట్టి, ఖాళీగా ఉన్న చేత్తో దారం మీటాడు. ఒకటి, రెండు, మూడు గీతలు. మాస్టారు రాశాడు. గంట పని సాయంత్రందాకా సాగింది. చివరి అక్షరం కూడా జానెడే వచ్చింది.

రంగు ఆరాక సుద్ద గీతలు తుడిచేయడం పద్ధతి. బావమరిది తడిగుడ్డ తీశాడు.

"తుడవకు, ఉండనీ," అన్నాడు మాస్టారు. "దారం పట్టుకునే రాశానని అందరూ చూడనీ."