నడుం గారికి పరామర్శ

ఏసమ్మ మనుషుల్ని నువ్వు అనేది. వాళ్ళ మోకాళ్ళనీ, భుజాలనీ, మెడనీ మాత్రం మీరు అనేది.

మొగల్తూరులో ఆడవాళ్ళకి ఒళ్ళు పట్టే మనిషంటే ఆవిడే. ముప్పయ్యేళ్ళు ఒక మిషనాసుపత్రిలో ఆయాగా చేసింది. విరిగి అతుక్కున్న చేతుల్నీ కాళ్ళనీ ఎలా పట్టాలో అక్కడే నేర్చుకుంది. రిటైరయ్యాక నువ్వులనూనె సీసా సంచిలో వేసుకుని ఇంటింటికీ తిరిగేది. గుమ్మం బయట ఉన్నంతసేపూ "ఆయ్, అమ్మగారండి" అంటూ ఒదిగి ఉండేది. చేతికి నూనె తగిలిందా, ఇంటావిడ నువ్వైపోయేది, ఆవిడ కీళ్ళు గారైపోయేవి.

పోస్టుమాస్టరు గారి భార్య లోవలక్ష్మి గారికి ఓసారి భుజం పట్టేసింది. ఏసమ్మ ఆ భుజాన్ని రెండు చేతులా పట్టుకుని, ఏవండీ భుజం గారూ, ఈవిడితో ఎలా వేగుతున్నారండీ అని అడిగిందట. లోవలక్ష్మి గారు ఏదో చెప్పబోతే, "నిన్నడగలేదు. పెద్దవాళ్ళం మాట్లాడుకుంటున్నాం" అందట. వారం తిరక్కుండా భుజం కుదుటపడింది. లోవలక్ష్మి గారు నెల్లాళ్ళు కోపంగా ఉండి, మెడ పట్టేయగానే మళ్ళీ కబురు పెట్టారు.

ఏసమ్మకి గారు తగిలించినవాళ్ళు మాత్రం మా వీధిలో ఒక్కరూ లేరు. ఆవిడ రావలసింది పెరటి గుమ్మంలోంచి. ఆవిడ టీ గ్లాసు మా నూతిగట్టు మీద విడిగా ఉండేది. తాగి, కడిగి, బోర్లించి వెళ్ళాలి. ఆ చేతులే మా అత్తగారు అమ్మాజీ గారి మోకాళ్ళ మీద పడితే ఏ మైలా ఉండేది కాదు. నూనెకి ఆ గుణం ఉందేమో నాకు తెలీదు.

తొంభై ఎనిమిదిలో, వర్షాకాలంలో, నాకు ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. పుట్టిన గంటకి పోయింది. పుట్టింట్లో చేసేవాళ్ళెవరూ లేరు, అమ్మ నా పెళ్ళికి ముందే పోయింది. ఆసుపత్రి నుంచి తిన్నగా అత్తవారింటికే వచ్చాను.

ఏడిస్తే ఒంటికి మంచిది కాదన్నారు అత్తగారూ, చూడ్డానికొచ్చినవాళ్ళూ. మా ఆయన మణిశంకర్ నా మొహం చూడలేక రోజూ కాలవల్లో నీటిమట్టం గురించి చెప్పేవారు. నేను ఏడవలేదు. పదిహేనో రోజుకి, ఏడవొద్దని చెప్పి వెళ్ళినవాళ్ళే, అది మనిషా బండరాయా అని వీధి చివర చెప్పుకున్నారు.

బాలింతకి చేసేవేవీ నాకు చెయ్యలేదు. నూనె లేదు, నలుగు లేదు, కాగు నిండా వేణ్ణీళ్ళు లేవు. బిడ్డ లేనిదానికి బాలింత స్నానం ఏంటి, నలుగురూ నవ్వుతారు అన్నారు అత్తగారు. నూతి దగ్గర రెండు చేదలు తోడుకుని పోసుకునేదాన్ని. పాలకి మాత్రం సంగతి తెలీదు, టైముకి వచ్చేవి. జాకెట్టు తడిసినప్పుడల్లా పైన తువ్వాలు కప్పుకుని తిరిగేదాన్ని.

ఒకరోజు అత్తగారి మోకాళ్ళు పట్టడానికి వచ్చిన ఏసమ్మ, నేను నడుం పట్టుకుని చేద లాగడం చూసింది. మోకాళ్ళ పని ముగించి, సీసా పట్టుకుని నా గది వైపు నడిచింది. దానికి అవసరం లేదు ఏసమ్మా అన్నారు అత్తగారు.

"ఆయ్, అమ్మాయిగారి జోలికి నేనెళ్ళనండి. నడుం గారిని ఓసారి పరామర్శించి పోతానండి" అంది ఏసమ్మ.

మనుషుల మీద మా అత్తగారికి నూరు నియమాలున్నాయి. నడుం మీద ఒక్కటీ లేదు.

ఏసమ్మ తలుపు మూసి, నన్ను బోర్లా పడుకోమంది. నీతో నాకు పనిలేదు, నోరు మెదపకు అంది. వేడి చేతులు నడుం మీద పడ్డాయి. కాసేపు పట్టింది.

"నడుం గారండీ, ఏడు నెలలు మోశారు కదండీ. బరువు దించాక ఎవరన్నా కూర్చోమన్నారాండీ?"

నాలో ఎక్కడో గడియ ఊడినట్టయింది. నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చేలా ఏడ్చాను. సిగ్గేసి లేవబోతే మోచేత్తో అదిమి పడుకోబెట్టింది.

"నువ్వెక్కడికి? ఏడుస్తున్నది నువ్వు కాదు, నడుం గారు. ఆవిడ పని ఆవిణ్ణి చేసుకోనీ."

అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. హాల్లోంచి ఏంటా ఏడుపని అత్తగారు అడిగితే, కోడలు గారు కాదండి, నడుం గారండి అని నిజాయితీగా జవాబిచ్చింది.

అప్పట్నుంచి రోజూ వచ్చింది. అత్తగారు తలుపవతల పీట వేసుకుని బియ్యం ఏరుతూ కూర్చునేవారు. మనుషుల్ని వదిలేసి కీళ్ళతో ఎందుకు మాట్లాడతావని ఒకసారి ఏసమ్మని అడిగాను.

ఆసుపత్రిలో చేరిన కొత్తలో, చెయ్యి పట్టించుకుంటూ ఒకామె ఏడ్చిందట. ఎందుకమ్మా అని ఏసమ్మ అడిగిందట. ఆమె సిగ్గుపడి లేచి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. ఆ చెయ్యి వంకరగానే ఉండిపోయిందని తర్వాత తెలిసిందట.

"మనిషినడిగితే లేచి పోద్ది. చెయ్యినడిగితే పడుకునుంటది" అంది ఏసమ్మ.

తొమ్మిదో రోజు నేను వంటింట్లో ఉండగా, హాల్లో ఏసమ్మ అత్తగారి మోకాళ్ళని అడుగుతోంది. ఈ నొప్పి ఎప్పట్నుంచండీ అని. రోజూ అడిగే ప్రశ్నే. మోకాళ్ళు ఏనాడూ జవాబు చెప్పలేదు. ఆ రోజు అత్తగారు చెప్పారు.

"రెండోవాడు పోయినప్పట్నుంచి. పురిటి మర్నాడే నూతి దగ్గరికి పంపింది మా అత్త. మాఘమాసం. చన్నీళ్ళు."

మా ఆయన కంటే ముందు ఇద్దరు పుట్టి పోయారని, కాపరానికొచ్చిన నాలుగేళ్ళకి నాకు అప్పుడే తెలిసింది. తను పడ్డది నన్నెందుకు పడమన్నారో అడగాలనిపించింది, కోపంతో గరిటె పట్టుకుని లేచాను కూడా. ఈలోగా హాల్లో ఏడుపు మొదలైంది. మళ్ళీ కూర్చుని, తోమిన గిన్నెలే గట్టిగా చప్పుడు చేస్తూ తోమాను.

మర్నాడు పొద్దున్నే పెరట్లో కాగు పొయ్యెక్కింది. అత్తగారు గొట్టంతో ఊదుతున్నారు. ఇన్నాళ్ళకి ఏ స్నానమో నాకూ తెలీదు, వచ్చి కూర్చో అన్నారు. తలకీ ఒంటికీ నూనె రాశారు, నలుగు పెట్టారు, చెంబులతో వేణ్ణీళ్ళు పోశారు. ఒళ్ళు ఎర్రబడింది.

ఎనిమిదింటికి ఏసమ్మ వచ్చింది. నా వీపు మీద వేలు పెట్టి చూసి మొహం చిట్లించింది. నూనె ఎవరు పట్టారు, ఇలాగేనా పట్టేది, ఇది నలుగా సున్నమా అని అత్తగారి ఎదుటే అడిగింది. నన్ను మళ్ళీ పీట మీద కూర్చోబెట్టి, కాగు మళ్ళీ నింపమంది. అత్తగారు చేద తీసుకుని నూతి దగ్గరికి వెళ్ళారు.

ఆ పూట నాకు రెండుసార్లు తలంటు జరిగింది.