షఫీవుల్లా తీసిన తరుగు

కళ్యాణదుర్గం మండీలో ఇరవై ఏళ్లుగా వేరుశనగ బస్తాలు తూచే షఫీవుల్లా, కాటా మీదికి ఎక్కించే ముందు ప్రతి బస్తాలో మోచేతి దాకా చెయ్యి దూరుస్తాడు. పిడికెడు కాయలు తీసి చెవి దగ్గర గలగలలాడించి, మట్టికి ఇంత, తాలుకు ఇంత అని తరుగు చెబుతాడు. రైతు ఎంత మొత్తుకున్నా ఆ అంకె మారదు. నడుము నొప్పి ఎక్కువై, గోదాములో కూర్చుని చేసే సూపర్‌వైజర్ ఉద్యోగానికి మొన్న ఫోనులో దరఖాస్తు నింపుతూ ఒకచోట ఆగిపోయాడు. తన గుణాలకు తానే పదికి మార్కులు వేసుకోవాలట.

"శెనక్కాయలు తెచ్చినోడే తరుగు చెప్పుకుంటాడా యాడన్నా?" అని గొణిగి, రొట్టెలు కాలుస్తున్న భార్యను అడిగాడు. "మెహరున్నీసా, నా ఓపికకు ఎంత ఏయొచ్చు?"

"నాలుగు."

"నాలుగేనా? సరింగా చూసి చెప్పు!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

"ఇప్పుడు మూడు."

షఫీవుల్లా గోడవైపు తిరిగి ఎనిమిది నొక్కాడు. తరువాతి ప్రశ్న నిజాయితీ. పది మీదికి పోయిన వేలు గాల్లోనే నిలిచిపోయింది. అలవాటు కొద్దీ ఫోనును చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపాడు. ఆమె చెప్పిన మూడుకూ తాను వేసిన ఎనిమిదికీ తేడా ఐదు. పదిలోంచి ఆ ఐదూ తరుగు తీసేసి, మిగిలిన ఐదు నొక్కాడు. కాసేపు తనను తానే బతిమాలుకున్నాడు గానీ, అంకె మారలేదు.