నేలకు చెప్పి తొక్కాలి

మా చిన్నప్పుడు... ఎనభైల నాటి మాట... పిడుగురాళ్లలో మా వీధి చివర టీచరమ్మ తన ఇంటి వరండాలో సాయంత్రాలు కూచిపూడి నేర్పేది. నేర్చుకునేది ఆరుగురు ఆడపిల్లలు. గేటు బయట ఎగురుతూ వాళ్లను వెక్కిరించడం నా పని. ఒకరోజు ఆవిడ నా చెవి పట్టుకుని లోపలికి లాక్కెళ్లి వరసలో ఏడోవాణ్ణిగా నిలబెట్టింది.

"గేటు కాడ ఎగిరే కాళ్లేగా... ఇక్కడ ఎగరనీ!"

చదువు ఐదో తరగతి దాకానే అంటింది నాకు. తాళం మాత్రం ఇట్టే అంటుకుంది.

ఆవిడ దగ్గర అడుగుల కంటే ముందు మర్యాద. చెప్పులు గేటు దగ్గరే విడవాలి. గజ్జెల్ని దాటకూడదు, తీస్తే కళ్లకద్దుకోవాలి. ఆడబోయే ముందు వంగి నేలను తాకి దణ్ణం పెట్టాలి. "తొక్కబోతున్నాం కదా... ముందే క్షమించమని అడగాలి" అనేది. నాకు నవ్వొచ్చేది. నేలకు చెవులున్నాయా ఏంది...

మా నాన్నది సున్నపురాయి క్వారీలో గునపం పని. నా డాన్సు సంగతి అమ్మ ఆయన దగ్గర దాచింది. మూణ్ణెల్లకు క్వారీలో ఎవరో అననే అన్నాడట... "ఏంది బావా, నీ కొడుక్కి గజ్జెలు కడతన్నారంట? రేపు జడ కూడా ఏస్తారా?"

నాన్న నేరుగా వరండాకొచ్చాడు. ఒంటినిండా తెల్లటి దుమ్ము.

"టీచరమ్మా, మావోణ్ణి తీసుకుపోతన్నా. ఈ ఆటలు మాకొద్దు."

"అట్టాగే అన్నా. ఒక్కసారి వాడి ఆట చూసి తీసుకుపో."

ఈ ఒక్క ఆటతో తేలిపోతుంది... ఆడపిల్లలు వంగి నేలకు దణ్ణం పెట్టుకున్నారు. నేను పెట్టలేదు. వంగితే నాన్నకు ఆడపిల్లలా కనిపిస్తానేమోనని, మగాడిలా దభీదభీమని తొక్కడం మొదలెట్టాను.

టీచరమ్మ తాళం ఆపేసింది. ఆవిడ నోరు తెరిచేలోపే నాన్న అరిచాడు.

"ఒరేయ్, ఆగు! వాళ్లంతా దణ్ణం పెట్టుకుంటంటే నువ్వేందిరా, ఎద్దు మాదిరి దిగావు?"

ఎత్తిన కాలు మెల్లగా దించాను.

"క్వారీలో దిగంగానే రాయిని తాకి దణ్ణం పెట్టందే గునపం ఎత్తం మేము. ఎప్పుడు మీద పడుద్దో ఎవడికి తెలుసు? నీకు అంత పొగరేందిరా?"

వంగాను. నేలను తాకి వేళ్లు కళ్లకద్దుకున్నాను. మూణ్ణెల్లలో ఆ దణ్ణం నిజంగా పెట్టింది ఆ రోజే.

తలెత్తి చూస్తే నాన్న గేటు దాకా వెనక్కెళ్లి చెప్పులు విడిచి వస్తున్నాడు. మెట్టు మీద కూర్చుని ఆట అయ్యేదాకా చూశాడు. తీసుకుపోతానన్న మాట మళ్లీ ఎత్తలేదు. వెళ్తూ టీచరమ్మతో ఒకటే అన్నాడు.

"ఆట సంగతి నాకు తెలవదమ్మా. దణ్ణం మర్చిపోతే మాత్రం నాలుగు తగిలించు."

నాన్న పోయి చాలా ఏళ్లయింది. మొన్న అటువైపు వెళ్లాను. క్వారీలో గునపాలు లేవు, అన్నీ పెద్ద యంత్రాలే. యంత్రం పైనున్న అద్దాల గదిలో కూర్చున్న కుర్రాడు మీట లాగితే రాయి పెళ్లలు పెళ్లలుగా ఊడొస్తోంది. పాపం, వాడు దణ్ణం పెడదామన్నా అంత ఎత్తు నుంచి రాయి అందదు...

మీ ఇళ్లల్లో పనిలోకి దిగేముందు పెద్దవాళ్లు దేన్ని తాకి కళ్లకద్దుకునేవాళ్లు? గుర్తుంటే రాయండి... అలాంటి చేతుల్ని చూసిన కళ్లు మనవే ఆఖరేమో అనిపిస్తోంది.