రేవల్చిన్ని కట్టేముందు అడిగే మాట

“ఇవ్వనని సెప్పలేదమ్మా. సాయంత్రం సూద్దాంలే, ఎల్లు అన్నాను. ఆడు ఎల్లిపోనాడు. అప్పట్నుంచి ఇదిగో, ఇలగే కూకున్నాను.”

భీమరాజు బాబాయ్ ఆ మాట అనేసరికి పది దాటింది. బర్మాలో, తాకేటా పేటలో ఆయన ఇల్లు బస్సులు తిరిగే రోడ్డు మీదికే ఉంటుంది. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోవడంతో తలుపులు బార్లా తీసి ఉన్నాయి. పొద్దున్నే ఆయన తమ్ముడు అచ్చయ్య వచ్చి వెళ్లాడు. అచ్చయ్యది సేక్కాన్ రేవులో పని, కాపురం ఊళ్లోనే సంచౌంగ్ పేటలో. భార్య లక్ష్మీదుర్గకు మూడు రోజులుగా విరేచనం లేదు, కడుపు బిర్రుగా ఉంది, ఎప్పుడూ ఇచ్చే చైనా మందు ఒక పొట్లం కట్టి ఉంచితే పని దిగాక వచ్చి పట్టుకుపోతాను అని చెప్పాడట.

ఆ పొట్లం కట్టవచ్చో లేదో తేలడానికి ఒక్క ప్రశ్న చాలు. ఆ ప్రశ్న ఎవరు అడగాలన్నదే ఆయనకు తెగడం లేదు. ఎందుకు తెగడం లేదో చెప్పడానికి నలభై ఏళ్లు వెనక్కి వెళ్లారు. నేను ఆయన పని గురించి విని పుస్తకంలో రాసుకోవడానికే వచ్చినదాన్ని, తొందరపెట్టలేదు.

బాబాయ్ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో బస్తాలు మోశారు. తండ్రిదీ అదే పని. ఈయన మాత్రం పందొమ్మిదో ఏట బస్తా మీద పడి నడుము దెబ్బతిన్నారు. బరువులకు పనికిరాడని తండ్రి తీసుకెళ్లి లతా బజారులో ఒక చైనా మందుల కొట్లో పెట్టాడు. యజమానిని అందరూ లోపాన్ అనేవారు. ఆయన రెండేళ్లపాటు ఈయన్ని త్రాసు ముట్టనివ్వలేదట. వేర్లు తడిపి, సరిగ్గా మెత్తబడినప్పుడు పలచగా కోయడం ఒక్కటే పని. తొందరపడి కోస్తే పొడుం అవుతుంది, ఎక్కువ నాననిస్తే సారం నీళ్లలోనే పోతుంది. ఆ రెండేళ్లలో రెండు చేతులూ పసుపు పట్టినట్టు అయిపోయాయని నవ్వారు. పెళ్లిచూపుల్లో తాయారమ్మ పిన్ని చూసింది ఆ చేతుల్నేనట.

ఆ పసుపు రేవల్చిన్నిది. పేగుల్ని కదిలించే వేరు అది. మిగతా దినుసులన్నీ ఒక పొట్లంలో కట్టినా, దాన్ని వేరే చిన్న పొట్లంలో కట్టి ఇవ్వాలి. మొదటినుంచీ వేసి అరగంట మరిగిస్తే మెల్లగా పనిచేస్తుంది. దించడానికి ఐదు నిమిషాల ముందు వేస్తే మనిషిని పరుగెత్తిస్తుంది. అది కట్టేముందు మూడు సంగతులు అడిగి తీరాలని లోపాన్ నియమం: ఆఖరుసారి ఎప్పుడు వెళ్లావు, వాంతి ఉందా, గాలి పోతోందా. గాలి కూడా ఆగిపోయిందంటే లోపల దారి మూసుకుపోయి ఉండవచ్చు. మూసిన తలుపు మీదికి జనాన్ని తోలకూడదు అనేవాడట లోపాన్. అలాంటి మనిషికి మందు లేదు, తిన్నగా ఆసుపత్రే.

కొట్లో బాబాయ్ బర్మా పేరు ఊ తేన్. ఊ తేన్‌కి సిగ్గు లేదని బజారంతా చెప్పుకునేవారు. మొహింగా అనే చేపల పులుసు సేమ్యా అమ్మే ఒక ముసలావిడ ఆయన అడిగిన ఒక్కదానికి వారం రోజుల వైనం గొంతెత్తి చెప్పిందట. ఆ దెబ్బకి వెనక నిలబడ్డ ఇద్దరు ఆ వారమంతా ఆవిడ దగ్గర మొహింగా తినలేదు. నవ్వులాట అలా ఉంచితే, ఆ ప్రశ్న అడగబట్టే కనీసం ఏడుగురిని ఆయన ఆసుపత్రికి తరిమారు. ఒకాయన ఆపరేషన్ చేయించుకుని వచ్చి, కమలాపళ్ల బుట్ట బల్ల మీద పెట్టి దండం పెట్టాడట.

ఇక్కడిదాకా బాగానే చెప్పారు. తరవాత లేచి కుండలో నీళ్లు ముంచుకుని తాగి, వచ్చి మళ్లీ కూర్చున్నారు.

పోయిన వానాకాలంలో పిన్నికి కడుపు బిగిసింది. ఆవిడ ఏమీ చెప్పలేదు. కొంగు నడుముకి బిగించి కట్టుకోవడం మానేసి వదులుగా వేసుకుంటే, ఈయనే గమనించి ఎలా ఉందని అడిగారు. పర్లేదంది. కడుపు సరిగ్గా లేదా అంటే తల ఊపింది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆ మాటలు వాళ్లిద్దరి మధ్య ఎన్నడూ రాలేదు. మొగుడు తిన్నాకే తినే మనిషి కాబట్టి, ఆవిడ ఏమీ తినడం లేదన్న సంగతీ ఈయన కంట పడలేదు. కొట్టునుంచి ఒక పొట్లం తెచ్చి, మొదటినుంచీ వేసి మరిగించమన్నారు. మర్నాడు కదలిక లేదు. ఆ సాయంత్రం రెండో పొట్లం తెచ్చి, ఆఖరున వెయ్యమన్నారు.

“నలబై ఒక్క సంవత్సరం, అమ్మా. ముక్కూ మొకం తెలీనోళ్లని అడిగినాను. బర్మా మాటలో అడిగీడానికి నాకేటీ అడ్డు లేదు. ఇంట్లో తెలుగులో ఆ మాట నోటికి రాలేదు. ఊ తేన్ అడుగుతాడు గాని బీమరాజు అడగలేకపోనాడు.”

తెల్లవారేసరికి పిన్ని వాంతులతో నేల మీద ఒరిగిపోయి ఉంది. పక్కింటివాళ్ల కారులో ఆసుపత్రికి తీసుకెళ్లారు. మంచం పక్కన నిలబడి నర్సు బర్మా మాటలో అడిగింది, గాలి పోతోందా అని. పిన్ని వెంటనే బర్మా మాటలోనే చెప్పింది: ఆగిపోయి నాలుగు రోజులైందని. అంత నీరసంలోనూ తడుముకోలేదట. ఆ జవాబు వినబడే దూరంలోనే బాబాయ్ నిలబడి ఉన్నారు.

పేగులో పెరిగిన గడ్డ దారి మూసేసిందని, దానికి పైన పేగు చిరిగిపోయిందని డాక్టర్లు చెప్పారు. మూడో రోజు ఆవిడ పోయింది. మీ మందువల్లే చిరిగిందని ఎవరూ అనలేదు. కాదని అనిపించుకోవడానికి ఈయనా అడగలేదు.

దినాలయ్యాక లోపాన్ చేతికర్ర పట్టుకుని ఈ ఇంటికి వచ్చాడు. ఎనభై దాటిన మనిషి. చాలాసేపు కూర్చుని, వెళ్లేముందు ఒక్కటే అడిగాడట: కట్టేముందు అడిగావు కదా అని.

“అడిగినానని సెప్పీసినాను. ఆ పెద్దాయనకి అబద్దం సెప్పినాను. ఈ మాట తమ్ముడిక్కూడా తెల్దు, నీకే సెప్తన్నాను.”

అప్పటినుంచి కొట్లో రేవల్చిన్ని సొరుగు తీయడం లేదాయన. లోపాన్ కూతురే వచ్చి తూస్తోంది, ఎందుకని అడగకుండా.

నేను అచ్చయ్య సంగతి కదిపాను. భార్యను అడిగి చెప్పమనవచ్చు కదా అన్నాను. పొద్దున్న అదే అన్నారట. అన్నీ బాగానే ఉన్నాయి అన్నయ్యా అని అచ్చయ్య చటుక్కున చెప్పాడు. ఆ చెప్పడంలోనే, వాడు పెళ్లాన్ని అడగలేదని తెలిసిపోయిందట. పోనీ మీరే ఫోన్ చేయండి అంటే తల అడ్డంగా ఊపారు. లక్ష్మీదుర్గ ఆయనకు తమ్ముడి భార్య. బావగారి ఎదుట పడితే తలుపు వెనక్కి తప్పుకునే మనిషి. పండగకి ఫోన్ చేసినా, దండాలు బావగారూ అని మొగుడి చేతిలో పెట్టేస్తుంది. ఈ సంగతి ఎత్తితే, చచ్చిపోతున్నా పర్లేదనే అంటుంది.

“మీ పిన్ని అన్నట్టే అంటాది,” అన్నారు.

రోడ్డు మీద ఒక బస్సు వెళ్లిపోయింది. ఆయన గోడగడియారం వంక చూశారు. మూడు రోజులని అచ్చయ్య అన్నాడు గాని, ఆడవాళ్లు మూడని చెప్పారంటే ఎన్నాళ్లో ఎవరికి తెలుసన్నారు. సాయంత్రం దాకా ఆగి పొట్లం ఇవ్వడం గాని, ఇవ్వనని చెప్పి ఊరుకోవడం గాని తన చేత కాదన్నారు. పుస్తకం మూసి నేను లేచాను. ఆయన నాకంటే ముందే లేచి నా చెప్పులు గుమ్మం వైపు తిప్పి పెట్టారు. పెద్దాయన నా చెప్పులు ముట్టుకోవడం నాకు చాలా కష్టమనిపించింది.

“నువ్వెల్లమ్మా. సంచౌంగ్‌కి టాక్సీ కట్టించుకో, బస్సుకి ఆగొద్దు. దుర్గని పక్కకి పిలిచి, గాలి పోతన్నాదా లేదా అని బర్మా మాటలో అడుగు. తెలుగులో అడగొద్దు, అబద్దమాడతాది. పోతన్నాది అంటే నాకు ఫోన్ సెయ్యి. లేదు అన్నాదంటే ఆ టాక్సీని పంపీకు, అదే బండిలో ఆసుపత్రికి తీసుకెల్లిపో. మొగుడొచ్చేదాకా ఆగుతానంటాది, ఆగనివ్వకు. బావగారు సెప్పేరని సెప్పు.”