నేను చంపిన అవ్వ క్షేమ సమాచారాలు

ఆ రోజుల్లో మంచివాడిగా ఉండటం నాకేమీ గొప్పగా తోచేది కాదు. వేరే దారి లేక అలా ఉండేవాణ్ణి, అంతే. పందొమ్మిదేళ్ళ వయసు, ఇంటర్ రెండోసారి రాసి గట్టెక్కిన ఘనత, కమలాపురం దగ్గర మా నేతగాళ్ళ వీధిలో ఏ పెద్దమనిషి ఎదురుపడ్డా చేతులు కట్టుకుని బదులిచ్చే అలవాటు. అలాంటి నేను ఒక ఎండాకాలంలో కొన్నాళ్ళు దొంగనై, ఆపైన హంతకుడినై ఎంత ఆనందంగా బతికానో చెబితే ఎవరూ నమ్మరు. (మా ఆవిడ అసలే నమ్మదు. "నువ్వా? బొద్దింక కనబడితే మంచమెక్కే మనిషివి!" అంటుంది.)

అప్పట్లో మా చిన్నాయన చీరల అంచులకు కొత్త డిజైన్లు గీయించాలని కడప నుంచి ఒక పాత కంప్యూటరు కొనుక్కొచ్చాడు. మూడు నెలలు కడపలో డిజైను కోర్సు నేర్చుకొచ్చిన ఏకైక పండితుణ్ణి నేనే కాబట్టి దాని మీద సర్వాధికారాలూ నావే. ఇంట్లో ఇంకెక్కడా చోటు లేక దాన్ని మగ్గాల గదిలోనే, మా జేజి రాట్నం పక్కన పెట్టారు. జేజి అంటే మా నాయన తల్లి. రోజంతా అక్కడే కూర్చుని కండెలకు నూలు చుట్టేది. పెళ్ళిళ్ళ కాలానికి ముందే మామిడిపిందెల అంచు ఒకటి గీసి ఇవ్వాలని చిన్నాయన నాకు గడువు పెట్టాడు. సరిగ్గా అదే వారం, కోర్సులో నాతో పాటు చదివిన ఒక మిత్రుడు (మేమంతా వాణ్ణి 'సీడీ' అనే పిలిచేవాళ్ళం, కారణం చెప్పనక్కర్లేదు) చొక్కా జేబులోంచి ఒక ఆట సీడీ తీసి నా చేతిలో పెట్టాడు.

అయ్యా, అది ఆటా! అంతకుముందు నేనాడిన ఆటల్లో బండి రోడ్డు దిగితే చాలు, గోడ అడ్డమొచ్చేది. ఇందులో గోడన్నదే లేదు. కొండ కనబడితే ఎక్కొచ్చు, ఏరు కనబడితే దూకొచ్చు, ఎవరింటి తలుపైనా తోసుకుని పోవచ్చు. అన్నిటికంటే వింత ఏమిటంటే, అందులోని మనుషులు ఏదో ఒకటి అడిగి మన జవాబు కోసం ఆగుతారు. కింద మూడు జవాబులుంటాయి. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది, ఒకటి మరీ చెడ్డది. మొదటిసారి మరీ చెడ్డదాన్ని నొక్కి, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ తిట్టలేదు, ఎవరూ మా నాయనతో చెప్పలేదు! వారం తిరక్కుండా నేను నల్లముసుగులవాళ్ళ ముఠాలో చేరిపోయాను.

చిక్కల్లా జేజితోనే వచ్చింది. రాట్నం తిప్పుతూనే ఆమె ఒక కన్ను తెర మీద వేసేది. తెర మీది ఇంగ్లీషుకు నేను తెలుగు చెప్పాలి. అడవిలో ఒక గుడిసె, అందులో ఒక ముసలామె. మనం ఎప్పుడు పోయినా కూర్చోబెట్టి రొట్టె పెట్టేది. జేజికి ఆమె తెగ నచ్చేసింది.

"ఎవుర్రా ఆ యమ్మ? ఒక్కతే ఉండాదే! పిల్లోల్లు ల్యారా?"

ఆ సంగతి ఆటలో చెప్పలేదు. "కొడుకు ఉండాడు జేజీ, పట్నంలో పని" అన్నాను ఊరికే.

"అయ్యో పాపం. నువ్వు దినామూ ఒకతూరి పొయ్యి కనుక్కొని రాపో" అని ఆజ్ఞ అయింది.

మూడోనాడు ముఠా నాయకుడు పిలిచి చెప్పాడు. ఆ ముసలామెకు మా గుట్టంతా తెలుసట, ఆమెను చంపి వస్తే నల్లకత్తి నాదట. ముఠాలో ఇంకెవరికీ దక్కని కత్తి అది. ఆ కత్తి కోసమే కదా ఇన్ని ఘోరాలు చేసింది!

"ఏమంటాండాడ్రా ఆ ముసుగోడు?" అంది జేజి.

"అవ్వకు జరమంట జేజీ. మందిచ్చి రమ్మంటాండాడు."

"చూసేదానికి అట్లుండాడు గానీ, శానా మంచోడే!"

జేజి సంతకు పోయేదాకా ఆగి పని ముగించాను. తలుపు కొట్టగానే ముసలామె "ఈరోజు తొందరగా వచ్చావే, కూర్చో" అంది. నేను కూర్చోలేదు. తెర ఎర్రబడింది, డోళ్ళు మోగాయి, కత్తి నా చేతికొచ్చింది. కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. కొండ మీదికెక్కి, ఎదురుగా పురుగు కూడా లేకపోయినా, అరగంట సేపు ఆ కత్తి తిప్పాను.

సంత నుంచి వస్తూనే జేజి అడిగిన మొదటి మాట: "ఆ యమ్మకు జరం తగ్గిందా?"

"తగ్గింది జేజీ."

అంతటితో పోయే అబద్ధమనుకున్నాను. మరునాడు మళ్ళీ అడిగింది. గుడిసె చూపించకుండా తప్పించుకోవడానికి కాలు బెణికి పడుకుని ఉందన్నాను. ఆ తర్వాతి రోజు, కొడుకు వచ్చి తీసుకుపోయాడు, పది రోజులకు గానీ రాదన్నాను. ఇలా నేను చంపిన మనిషి ఆరోగ్యం గురించి పొద్దున్నే వార్తలు చదివే ఉద్యోగం నాకు పడింది. పైగా జేజి వీధంతా చెప్పుకుంది. ఎదురింటి పిన్నమ్మ నన్ను నడివీధిలో ఆపి, "ఏమప్పా, మీ అడివి అవ్వకు కాలు బాగలేదంట గదా, వాయిలాకు నీళ్ళు కాంచి పొయ్యమను" అంది. నేను బుద్ధిగా తలూపి, చెబుతానన్నాను. రెండు రోజులాగి, కొడుకింట్లో కాలు బాగయిందట అని జేజికి చెప్పాను.

పాత ఆటను వెనక్కి తిప్పుకునే వీలు లేదు. ఎక్కడిదాకా ఆడానో కంప్యూటరులో దాచుకునేటప్పుడు, ప్రతిసారీ పాతదాన్ని చెరిపి దాని మీదే కొత్తది దాచుకుంటూ పోయిన తెలివి నాది. మిగిలింది ఒకటే దారి, మొదటి నుంచి మళ్ళీ ఆడటం. ఈసారి మంచివాడిగా! మంచితనమంటే ఎంత చాకిరీయో అప్పుడు తెలిసింది. దొంగగా ఉన్నప్పుడు ఒక్క పెట్టె తెరిస్తే దొరికిన కవచం కోసం ఇప్పుడు ఊరూరా ఉత్తరాలు మోశాను, తప్పిపోయిన మేకలు వెదికాను, పిండిమరలో ఎలుకలు పట్టాను. చిన్నాయన అంచు సంగతి అడిగినప్పుడల్లా, "మూలలో పిందెలు కలవడం ల్యా చిన్నాయనా" అనేవాణ్ణి. పిందె ఒక్కటి గీస్తే కదా కలిసేది!

పదో రోజు పొద్దున అడవికి చేరాను. జేజి రాట్నం ఆపింది. పిన్నమ్మ కొంగులో బొరుగులు పోసుకుని వచ్చి కూర్చుంది. ఈసారి నేను ముఠాలో లేను కాబట్టి ముసుగులవాళ్ళు నలుగురు వాళ్ళే వచ్చారు. తెర మీద ప్రశ్న పడింది: పక్కకు తప్పుకుంటావా, వాకిట్లో నిలబడతావా?

"నిలబడ్తా" అన్నాను గట్టిగా, నొక్కుతూ. ఒక్క నిమిషంలో చచ్చిపోయాను.

"సచ్చిపోయినావా?" జేజి కేక పెట్టింది.

"మళ్ళా లేస్తా జేజీ!" లేచాను. మళ్ళీ చచ్చాను. మూడోసారి చచ్చి లేస్తుండగా చిన్నాయన లోపలికొచ్చాడు. "ఏంరా ఇది? అంచు యాడరా?"

"నువ్వుండ్రా!" అని కసిరింది జేజి. "ఈడ పానాలు పోతాంటే అంచంట, అంచు!"

చిన్నాయన నోరు తెరిచి, తెర చూసి, మూసి, కాసేపటికి మగ్గం అంచున కూర్చున్నాడు. ఇంకాసేపటికి నా భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. "వాకిట్లో యాలరా నిలబడ్తావు? గుడిసెలోకి పో! గడప ఇరుకు, ఒక్కొక్కడే రావల్ల!" పోయాను. ఒక్కొక్కడే వచ్చాడు. ఒకడు పడ్డాడు, ఇద్దరు పడ్డారు. పిన్నమ్మ బొరుగులు నేలపాలయ్యాయి. నాలుగోవాడు కూలగానే మా మగ్గాల గదిలో లేచిన అరుపుకు వీధిలోవాళ్ళు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు.

ముసలామె మూలలోంచి లేచి వచ్చి ఏదో అంది. "ఏమంటాంది?" అంది జేజి. "లోపలికి రా నాయనా, రొట్టె చల్లారిపోతాంది అంటాంది" అని నిజమే చెప్పాను. జేజి కళ్ళొత్తుకుంది. అది చూసి నా వల్ల కాలేదు. అందరూ వెళ్ళాక జరిగిందంతా చెప్పేశాను.

జేజి నా వైపు తిరిగింది. "అయితే జరం?"

"అబద్ధం జేజీ."

"కాలు బెణికింది?"

"అదీ అబద్ధమే."

"ఆ కాలు బాగయితే టెంకాయ కొడతానని మొక్కుకుంటి గదరా! మొన్న శుక్రారం కొట్టినా! ఆ టెంకాయ సగం నువ్వే తిన్యావు గదరా!"

మరునాడు కండె చుడుతూ, నా వైపు చూడకుండానే, "ఇంగ మళ్ళా చంపవు గదా?" అంది. చంపనన్నాను. చిన్నాయన ఎదురుగా కూర్చుని కాపలా కాస్తే నాలుగు రోజుల్లో అంచు పూర్తిచేశాను. (మధ్యమధ్యలో "ఆ కొండ అవతల ఏముండాదిరా?" అని అడిగింది ఆయనే, నేను కాదు.)

ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాను. నిజంగా ఉన్న మనుషులకు జ్వరమొస్తే ఎలా ఉందని అడగడానికి ఫోను తీయాలన్నా రేపు చూద్దాంలే అనుకుంటాను. లేని మనిషి కోసం, తనను నమ్మిన ఒక జేజి కోసం పది రోజులు ఎండలో మేకలు వెదికినంత కష్టపడిన ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ నవ్వులో, చెప్పొద్దూ, వాడి మీద కాస్త అసూయ కూడా ఉంటుంది.